వాటర్ స్కీయింగ్: పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లకి, మొదటి పుల్ నుంచి ఒంటి స్కీ దాకా

వాటర్ స్కీయింగ్ అంటే కాళ్లకి పొడవాటి పలకలు (స్కీలు) కట్టుకుని, బోటు తాడుతో లాగుతుంటే నీటి మీద జారడం. మొదటిసారి స్కీలు కట్టుకున్నవాళ్లు దాదాపు అందరూ ఒకటే చేస్తారు. బోటు కదలగానే తాడు గట్టిగా గుంజుకుని, కాళ్లు బారజాపి, ఎలాగైనా లేచి నిలబడాలని చూస్తారు. మరుక్షణం ముక్కు నిండా నీళ్లు. అసలక్కడ మీరు లేవక్కర్లేదు, లేపడం బోటు పని. ముడుచుకుని కూర్చోవడం, చేతులు చాచి ఉంచడం, ఓపిక పట్టడం, మీ వంతు అంతే. ఈ మాట చెవికి వెంటనే ఎక్కుతుంది గానీ ఒంటికి ఎక్కడానికి కొందరికి ఒక పూట పడుతుంది, కొందరికి ఒక వేసవి పడుతుంది. చదువుతుంటే మధ్యమధ్యలో "మళ్లీ అదే చెబుతున్నాడేంటి" అనిపించొచ్చు, కావాలనే చెబుతున్నా.

నేను పోటీల మనిషిని కాదు. అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్ వైపు ఉంటాను, ఎండాకాలం వీలు దొరికినప్పుడల్లా లేక్ లేనియర్‌లో సరదాకి స్కీ చేస్తాను, మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో అడిగినవాళ్లకి నేర్పుతాను. అందుకే ఇక్కడి ఉదాహరణలు లేనియర్‌వి, రూల్స్ జార్జియావి. మీరు టెక్సస్‌లోనో, మిన్నెసోటాలోనో ఉంటే మీ రాష్ట్రం రూల్స్ ఒకసారి చూసుకోండి, మిగతాదంతా ఎక్కడైనా ఒకటే.

ఈ ఆట మొదలైంది మిన్నెసోటాలోనే. 1922లో లేక్ పెపిన్ మీద రాల్ఫ్ శామ్యుల్సన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు మొదట పీపా చెక్కలతో, తర్వాత మంచు మీద వాడే స్కీలతో ప్రయత్నించాడు. రెండూ కుదరలేదు. చివరికి పొడవాటి చెక్క పలకలు తెచ్చి, వాటి కొసల్ని మరిగే నీళ్లలో మెత్తబరిచి పైకి వంచుకున్నాడు. అయినా మునిగాడు, మళ్లీ మళ్లీ మునిగాడు. ఒంటిని వెనక్కి వాల్చి, స్కీల కొసలు నీటి పైకి ఉంచినప్పుడు మాత్రం తేలాడు. నూరేళ్లు దాటినా ఈ రోజు మీరు నేర్చుకునేది సరిగ్గా అదే.

ముందు ఒంటి సంగతి

లైఫ్ జాకెట్ ఉంది కదా అని ఈత రాకుండా దిగేవాళ్లు ఉన్నారు. జాకెట్ మిమ్మల్ని తేలుస్తుంది, నిజమే, కానీ వేగంలో పడి తల మునిగి లేచినప్పుడు వచ్చే కంగారుని అది తీసేయలేదు. ఊళ్లో బావిలో నడుముకి బెండ్లు కట్టుకుని నేర్చుకున్నా, ఇక్కడికొచ్చాక వైఎంసీఏలో నేర్చుకున్నా ఫర్వాలేదు. ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి బిగపట్టడం, వెల్లకిలా తేలడం, జాకెట్‌తో కొంత దూరం ఈదడం, ఇవి టెన్షన్ లేకుండా రావాలి. రాకపోతే ఈ వేసవికి ఈత, వచ్చే వేసవికి స్కీలు.

జాకెట్ మీద యూఎస్ కోస్ట్ గార్డ్ ఆమోదం ఉండాలి, బోటు వెనక లాగే ఆటలకి పనికొస్తుందని లోపలి లేబుల్‌లో రాసి ఉండాలి. గాలితో ఉబ్బే రకం అస్సలు పనికిరాదు. వేసుకుని చేతులు పైకెత్తండి, పక్కవాళ్లని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా వచ్చిందంటే అది మీ సైజు కాదు. పొట్ట దగ్గర ఇబ్బందిగా ఉందని బకిల్స్ వదులు చేసుకునే మగవాళ్లకి కూడా ఇదే చెబుతున్నా.

ఇంకోటి, నలుగురిలో ఎవరూ చెప్పని విషయం. వేగంలో కూర్చున్నట్టుగా పడినప్పుడు నీళ్లు చాలా ఒత్తిడితో ఒంట్లోకి చొచ్చుకుపోతాయి. మలద్వారం దగ్గర, ఆడవాళ్లకైతే యోని దగ్గర లోపలి భాగాలు చీరుకుపోయే గాయాలు అవుతాయి, డాక్టర్లకి ఇది తెలిసిన సంగతే. కాబట్టి పల్చటి స్విమ్ షార్ట్స్ ఒక్కటే వేసుకోకుండా లోపల నియోప్రీన్ (మందపాటి రబ్బరు లాంటి గుడ్డ) షార్ట్స్ వేసుకోండి. ఆడా మగా ఇద్దరికీ ఇదే మాట. పైన రాష్ గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), కింద లెగ్గింగ్స్ లాంటివి ఉంటే ఎండ నుంచి కూడా రక్షణ, మొహమాటం ఉన్నవాళ్లకీ హాయి.

ఉంగరాలు తీసేయండి. తాడు చివర పట్టుకునే హ్యాండిల్‌కీ వేలికీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే వేలే పోవచ్చు. గొలుసులు, గాజులు, మంగళసూత్రం కూడా తీసి ఇంట్లోనే పెట్టి రండి. బోట్‌లో పెడతానంటే ఊరుకోకండి, ఎవరో తువ్వాలు దులుపుతారు, అది నీళ్లలో పడుతుంది, లేనియర్‌లో వంద అడుగులు దాటిన లోతులున్నాయి. తాళి తీయనంటే తీయననే వదినలు ఉంటారు, వాళ్లతో వాదించను, బోట్‌లో స్కీ చేసేవాళ్లని కనిపెట్టే స్పాటర్‌గా కూర్చోబెడతాను. కళ్లజోడుకి వెనక తాడు ఉండాలి, అది కూడా తేలే రకం. ఎండలు ముదిరి నీళ్లు బాగా వేడెక్కిన రోజుల్లో నోస్ క్లిప్ పెట్టుకోండి. మంచినీటి సరస్సుల్లో ఉండే నేగ్లేరియా అనే అమీబా ముక్కు గుండా సోకడం చాలా అరుదు, కానీ సోకితే బతకడం కష్టం. దాని ముందు క్లిప్ ఖరీదు ఒక లెక్క కాదు.

నడుముకో మోకాలికో ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దిగొద్దు. గర్భిణులు అసలే వద్దు. బిర్యానీ ట్రేలు స్కీయింగ్ అయ్యాకే తెరవండి, బీర్లు కూడా అంతే, తాగి బోటు నడిపితే ఇక్కడ తాగి కారు నడిపినంత నేరం.

ఎప్పుడు, ఎక్కడ

లేనియర్ సహజమైన సరస్సు కాదు. 1950లలో చట్టహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టి నింపింది. 1996 ఒలింపిక్స్‌లో పడవ పందేలు జరిగింది దీని మీదే. నీళ్ల కింద పాత చెట్ల మోడులు, గుట్టలు ఉన్నాయి. నిండు మట్టం సముద్రమట్టానికి 1071 అడుగులు, ఆ రోజు మట్టం ఎంత ఉందో చూసుకుని బయల్దేరండి. నాలుగైదు అడుగులు తగ్గినా నిన్నటిదాకా నీళ్లలో ఉన్న గుట్ట ఈ రోజు మీ స్కీ కిందికి వచ్చేస్తుంది. లోతు ఎంతో తెలియని నీళ్లలో నేర్చుకోకండి, డెప్త్ ఫైండర్‌లో కనీసం ఆరడుగులు ఉండాలి, నాకైతే పదిహేను ఉంటేనే మనసు కుదుటపడుతుంది.

టైమ్ మాత్రం పొద్దున్నే. సూర్యోదయం అయ్యీ అవగానే నీళ్లు అద్దంలా ఉంటాయి, ఇంకా గాలి లేవదు, పెద్ద అలలు లేపే వేక్‌బోర్డ్ బోట్లు రావు. అదే జూలై ఆదివారం మధ్యాహ్నం లేనియర్ మధ్యకి వెళ్లారంటే కొత్తవాళ్లు కాదు కదా నేనే లేవలేను, నాలుగు వైపుల నుంచీ అలలే. శనివారం పొద్దున ఆరున్నరకి డాక్ దగ్గర ఉండమంటే మనవాళ్లలో సగం మంది అక్కడే జారుకుంటారు, ఫర్వాలేదు, మిగిలిన సగానికి బాగా నేర్పొచ్చు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మనిషిని లాగడం జార్జియాలో నిషేధం, కాబట్టి చీకట్లో మొదలుపెట్టకండి.

గాలి వైపు నుంచి అడ్డు ఉన్న పొడవాటి పాయ ఒకటి వెతుక్కోండి. డాకులు, ఒడ్డు, ఆగి ఉన్న బోట్లు, ఈదేవాళ్లు, వీటికి 100 అడుగుల లోపు మెల్లగా తప్ప వేగంగా పోకూడదని ఇక్కడి చట్టం. తాడే 75 అడుగులు, దాని చివర మీరు పక్కకి ఊగుతుంటారు, అందుకని లెక్క వేసేటప్పుడు బోటు నుంచి వేయకండి, స్కీ చేసే మనిషి నుంచి వేయండి.

బోటు, తాడు, స్కీలు

మాస్టర్‌క్రాఫ్ట్, నాటీక్, మాలిబు లాంటి స్కీ బోటు ఉంటే అదృష్టమే. తాడు కట్టే స్తంభం బోటు మధ్యలో ఉంటుంది, వెనక లేచే అల చిన్నగా ఉంటుంది. లేకపోయినా మామూలు రన్‌అబౌట్ (చిన్న మోటారు బోటు) చాలు, పెద్దమనిషిని లాగే ఇంజన్ ఉండి, వెనక తాడు కట్టే కొక్కెం (టో హుక్) ఉంటే నేర్చుకోవచ్చు. మనవాళ్లు గుంపుగా అద్దెకి తీసుకునే చదునైన పాంటూన్ బోటు మాత్రం దీనికి సరిపోదు. పైగా చాలా మరీనాలు అద్దె కాగితంలోనే మనుషుల్ని లాగకూడదని రాస్తాయి, సంతకం పెట్టేముందు చదవండి. 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు జార్జియాలో బోటు నడపాలంటే బోటింగ్ కోర్సు పాసై ఉండాలి. కాలేజీ కుర్రాడి చేతికి స్టీరింగ్ ఇచ్చేముందు ఆ కార్డు అడగండి.

ట్యూబ్ లాగే తాడు స్కీకి వాడకండి. స్కీ తాడు పెద్దగా సాగదు, ట్యూబ్ తాడు లావుగా, మోటుగా ఉంటుంది. ఎక్కడైనా పోగులు లేచినా, ముడి పడి అరిగినా పడేయాల్సిందే, లాగుడులో తెగిన తాడు వెనక్కి కొట్టిందంటే కన్ను పోతుంది.

స్కీల విషయంలో మొదటి వేసవికి కొనకండి, ఎవరివైనా అడగండి. కొనాలంటే 67 అంగుళాల కాంబో జత, వెడల్పాటిది, వాడినదైనా సరే. పొడవు, వెడల్పు ఎంత ఉంటే లేవడం అంత తేలిక. జతలో ఒకదానికి మాత్రం వెనక కాలు పెట్టుకునే పట్టీ ఉంటుంది, దాని పని తర్వాత చెబుతా. కాలు బైండింగ్‌లోకి (స్కీ మీద పాదం పెట్టే తొడుగు) దూరకపోతే కాస్త సబ్బునీళ్లు చల్లండి, జారుతుంది. పడినప్పుడు ఊడొచ్చేంత వదులు, నడిపేటప్పుడు కదలనంత బిగువు, ఆ రెండింటి మధ్య ఉండాలి.

డ్రైవర్‌ని ఎంచుకోవడం

మీరు లేస్తారా లేవరా అనేది సగం డ్రైవర్ చేతిలో ఉంటుంది. ఇది మర్యాదకి అంటున్న మాట కాదు. మంచి డ్రైవర్ దొరికితే కాస్త తప్పుగా కూర్చున్నవాళ్లు కూడా లేస్తారు, దూకుడు డ్రైవర్ అయితే బాగా వచ్చినవాళ్ల భుజాలు కూడా పట్టేస్తాయి. కాబట్టి బోటు ఎవరిదైతే వాళ్లే నడపాలనే మొహమాటం పెట్టుకోవద్దు. "అన్నయ్యా, నేర్చుకునేంతసేపు ఈయన నడుపుతారు" అని మెల్లగా చెప్పేయండి, నేను చాలాసార్లు చెప్పాను, ఎవరూ నొచ్చుకోలేదు, నొచ్చుకున్నా సాయంత్రానికి మామూలైపోయారు.

డ్రైవర్ చేయాల్సింది ఇది. మొదట న్యూట్రల్‌లోంచి గేరు వేసి, మనిషి నడిచేంత మెల్లగా పోతూ తాడు బిగిసేదాకా లాగాలి. తాడు వదులుగా ఉండగా గ్యాస్ ఇస్తే ఆ కుదుపుకి హ్యాండిల్ చేతిలోంచి ఎగిరిపోతుంది. తాడు బిగిసి, బోటు నేరుగా ఉండి, ముందు దారి ఖాళీగా ఉండి, స్కీ మనిషి కేకేశాక రెండు మూడు సెకన్లలో థ్రాటిల్‌ని (వేగం పెంచే లివర్) నింపాదిగా, కానీ ఆపకుండా ముందుకి తోయాలి. భయపడి సగంలో ఆగితే పాపం ఆ మనిషి నీళ్లని దున్నుకుంటూ ఈడ్చుకుపోతాడు, ఒక్కసారిగా తోసేస్తే బొక్కబోర్లా పడతాడు. లేచాక వేగం కొంచెం తగ్గించి నిలపాలి. పెద్దవాళ్లకి గంటకి 20 మైళ్ల దగ్గర మొదలుపెట్టండి, ఒళ్లు బరువున్నవాళ్లకి 23, 24 దాకా కావాలి, పిల్లలకి 13 నుంచి 16 చాలు. కొత్తగా లేచినవాళ్లకి వేగం తగ్గిస్తే తేలిక అనుకుంటారు గానీ, మరీ తగ్గితే స్కీలు మునిగి కాళ్ల మీద భారం పెరుగుతుంది.

నేరుగా నడపాలి. మనిషి పడగానే గిర్రున తిప్పి వెనక్కి పరిగెత్తితే మీ బోటు అలలే వచ్చి మీ మీదే పడతాయి. ముందు వేగం దించి, మెల్లగా తిరిగి, పడ్డ మనిషిని ఎప్పుడూ డ్రైవర్ కూర్చున్న పక్కన కనపడేలా ఉంచుకుని దగ్గరికి రావాలి. ఎక్కించుకునేటప్పుడు ఇంజన్ ఆపేయాలి. న్యూట్రల్ చాలదు, తాళం తిప్పి పూర్తిగా ఆపాలి. ప్రొపెల్లర్ సంగతి అందరికీ తెలుసు. దాంతో పాటు వెనక మెట్టు దగ్గర ఇంజన్ పొగ పేరుకుంటుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నడుస్తున్న ఇంజన్ వెనక ఆ మెట్టు పట్టుకుని వేలాడుతూ కబుర్లు చెప్పుకునేవాళ్లు స్పృహ తప్పి మునిగిపోయిన ఘటనలు అమెరికా సరస్సుల్లో జరిగాయి.

స్పాటర్ అంటే వెనక్కి చూస్తూ కూర్చునే మనిషి. చట్టం వెడల్పాటి అద్దంతో కూడా సరిపెట్టుకోనిస్తుంది, నేను మాత్రం మనిషి లేకుండా తాడు వదలను. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, వీడియో తీసేవాళ్లు వేరే.

సైగలు బయల్దేరకముందే మాట్లాడుకోండి. బొటనవేలు పైకంటే వేగం పెంచు, కిందికంటే తగ్గించు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చూపితే ఈ వేగం బాగుంది. నెత్తి మీద తట్టుకుంటే ఒడ్డుకి పోదాం. గొంతు కోస్తున్నట్టు చేయి ఆడిస్తే ఆపెయ్. పడ్డాక రెండు చేతులూ తల పైన కలిపి చూపిస్తే నేను బాగానే ఉన్నాను అని. ఈ చివరిది మర్చిపోతే బోటు వాళ్ల గుండెలు ఆగిపోతాయి. మిగతా బోట్లకి కనపడటానికి ఒక స్కీని నిలువుగా పైకెత్తి పట్టుకోండి. బయల్దేరమని మాటల్లో చెప్పాల్సి వస్తే "హిట్ ఇట్" అనే అరవండి. "లాగు" అని అరిస్తే ఇంజన్ మోతలో అది "ఆగు" అని వినపడుతుంది, "ఆగు" అన్నది "లాగు" అని కూడా వినపడుతుంది, రెండోది ఇంకా ప్రమాదం.

డాక్ మీద రిహార్సల్

పది నిమిషాల పని, దాటేయకండి. గడ్డి మీదో డాక్ మీదో కూర్చుని మోకాళ్లు ఛాతీకి దగ్గరగా ముడవండి, మడమలు పిరుదులకి దగ్గరగా ఉండాలి. హ్యాండిల్ రెండు చేతులతో, అరచేతులు కిందికి ఉండేలా పట్టుకోండి. చేతులు తిన్నగా చాచి, మోకాళ్లకి బయటి వైపు నుంచి పోనివ్వండి. ఇప్పుడు ఎదురుగా ఒకరు తాడు పట్టుకుని మెల్లగా లాగాలి. మోచేతులు వంచకండి, కాళ్లు చాపకండి. ఆ లాగుడుకే మీ పిరుదులు నేల మీంచి లేచి, బరువు పాదాల మీదికి వచ్చి, గొంతుక్కూర్చున్నట్టు అవుతారు. అక్కడే ఆగండి, నిటారుగా లేవకండి. నీళ్లలో కూడా అక్షరాలా ఇదే జరుగుతుంది. కూర్చుని లేవడం తెలిసినవాళ్లకి, అంటే ఇండియన్ టాయిలెట్ మీద పెరిగినవాళ్లకి, ఇది ఇక్కడి పిల్లల కంటే తొందరగా వస్తుందని నా గమనిక, నవ్వుకోండి గానీ నిజం.

తర్వాత మోకాళ్లు, తొడల వెనక కండరాలు, భుజాలు కాస్త వేడెక్కేలా కదిలించండి.

మొదటి పుల్

నీళ్లలో స్కీలు వేసుకోవడమే మొదటి పరీక్ష. జాకెట్ మిమ్మల్ని పైకి నెడుతుంది, స్కీలు కాళ్లని ఇంకో వైపు తిప్పుతాయి, బోర్లా తిరిగిపోతారు. కంగారు పడకుండా చేతులతో నీళ్లు తోస్తూ, మోకాళ్లు ఛాతీకి తెచ్చుకోండి, దానంతటదే సర్దుకుంటుంది. తాడు రెండు స్కీల మధ్య ఉండాలి. స్కీల కొసలు నీటి పైకి ఒక అడుగు కనపడాలి, కాస్త కూడా పక్కకి తిరగకుండా బోటు వైపే చూడాలి. తాడు చేతికో మెడకో చుట్టుకోలేదని చూసుకోండి, పట్టు కోసం మణికట్టుకి తాడు చుట్టడం ఎప్పటికీ వద్దు.

తాడు బిగిసింది. అంతా సరిగ్గా ఉందనిపించాకే కేకెయ్యండి, బోటు వాళ్లు ఎదురు చూస్తున్నారని తొందరపడకండి. "హిట్ ఇట్" అన్నాక ఒకటి రెండు సెకన్లు నీళ్లు పాదాల కిందనుంచి బాగా నెడతాయి. ఆ ఒత్తిడికి కాళ్లు చాపాలనిపిస్తుంది, చాపకండి. ముఖం మీద నీళ్లు చిమ్ముతాయి, కళ్లు మూసుకున్నా ఫర్వాలేదు. మోకాళ్లు ఛాతీ దగ్గరే, చేతులు తిన్నగానే. ఉన్నట్టుండి భారం తగ్గిపోతుంది, స్కీలు నీటి మీదికి వచ్చేసి జారడం మొదలవుతుంది. మీరు ఇంకా గొంతుక్కూర్చునే ఉంటారు. అలాగే కాసేపు ఉండండి. తర్వాత కుర్చీలోంచి లేచినట్టు సగం దాకా లేవండి. మోకాళ్ల వంపు మాత్రం చివరిదాకా పోనివ్వకండి.

కాళ్లు చాపొద్దని ఇన్నిసార్లు ఎందుకంటున్నానంటే, లేవడం రాకపోవడం ఒక్కటే కాదు సమస్య. మోకాలు నిటారుగా ఉండి, పై శరీరాన్ని తాడు ముందుకి లాగేస్తే, పిరుదు కింద ఎముకకి అంటుకుని ఉండే తొడ వెనక కండరం సాగి సాగి తెగుతుంది. వాటర్ స్కీయింగ్‌కి పేరుమోసిన గాయం ఇదే, అదీ ఎక్కువగా లేచే దశలోనే. టప్‌మని తెగినట్టనిపించి, కూర్చోవడం కష్టమై, తొడ వెనక నల్లగా కమిలితే ఆ రోజుకి ఆపేయండి, నాలుగు రోజులు చూద్దాంలే అనుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పూర్తిగా తెగి సర్జరీ కావాల్సి వస్తే అది తొందరగా చేస్తేనే మేలు. కాబట్టి లాగుడు మీ చేతులు దాటిపోతోందనిపిస్తే తాడు వదిలేయండి. వదిలేస్తే ఏం కాదు, మళ్లీ వస్తుంది.

ఎలా పడ్డారో చూస్తే ఎందుకు పడ్డారో తెలుస్తుంది. ముందుకి బొక్కబోర్లా పడ్డారంటే తొందరగా లేచారు లేదా కిందికి, స్కీల వైపు చూశారు. చూపు ఎక్కడుంటే ఒళ్లు అక్కడికే పోతుంది, బోట్‌లో స్పాటర్ తల వైపు చూడండి. లేచి, ఆ సంతోషంలో వెనక్కి పడ్డారంటే హ్యాండిల్ ఛాతీకి గుంజుకున్నారు. తాడు వదులైంది, మీకు ఆధారం పోయింది. స్కీలు చెరో వైపు పోయి కాళ్లు విడిపోయాయంటే మోకాళ్లు చేతుల మధ్య ఉంచలేదు, చేతులతో వాటిని పట్టి ఉంచాలి. నీళ్లు గోడలా ముఖానికి కొట్టి హ్యాండిల్ ఊడిపోయిందంటే కాళ్లు చాపి నీళ్లని తన్నారు, లేదా డ్రైవర్ థ్రాటిల్ తడబడ్డాడు. స్పాటర్‌ని అడగండి, చూసేవాళ్లకే తెలుస్తుంది. మీకు మాత్రం ప్రతిసారీ డ్రైవర్‌దే తప్పనిపిస్తుంది.

వరసగా నాలుగైదు సార్లు పడ్డాక ముంజేతులు పట్టు కోల్పోతాయి. అప్పుడు "ఇంకొక్కసారి" అనే మాటకి లొంగొద్దు. బోట్‌లోకి వచ్చి, నీళ్లు తాగి, ఇంకొకరు చేస్తుంటే చూడండి. అలసిపోయాకే గాయాలు అవుతాయి. అసలు ఎంతకీ రాకపోతే బూమ్ ఉన్న బోటు ఉన్న స్కీ స్కూల్‌కి ఒక పూట వెళ్లండి. బోటు పక్కకి చాచిన ఇనప కడ్డీ అది, దాన్నే పట్టుకుని లేవొచ్చు, కోచ్ మీ చెవి పక్కనే ఉండి చెబుతాడు. నెల రోజులు తిప్పలు పడేది ఒక గంటలో వచ్చేస్తుంది, ఆ డబ్బు దండగ కాదు.

లేచాక

మొదట బోటు వెనక, రెండు అలల మధ్య ఉన్న చదునులోనే ఉండండి. హ్యాండిల్ నడుము ఎత్తులో, చేతులు చాచి, నడుము కొంచెం ముందుకి, బరువు రెండు పాదాల మీద సమంగా. పక్కకి పోవాలంటే ఆ వైపు చేయి లాగకూడదు, ఆ వైపు స్కీ అంచు మీదికి ఒంటిని వాల్చాలి.

అల దాటడానికి ధైర్యం కంటే కోణం ముఖ్యం. భయంతో మెల్లగా, అలకి సమాంతరంగా పాకుతూ పోతే ఒక స్కీ అల మీదికెక్కి ఇంకొకటి లోపలే ఉండిపోతుంది, పడతారు. తేల్చుకుని, ఏటవాలుగా, రెండు మోకాళ్లూ మెత్తగా వంచి ఒక్క తీరున పోవాలి, అల మధ్యలో మనసు మార్చుకోకూడదు. బయట నీళ్లు ఇంకా నున్నగా ఉంటాయి, ఒకసారి అక్కడికి చేరాక ఎవరూ లోపలికి రానంటారు. వచ్చేటప్పుడు తాడు వదులైతే మోకాళ్లు ఇంకా వంచి, ఊపిరి బిగపట్టి, తాడు మళ్లీ బిగిసేదాకా ఆగండి.

పడిపోతున్నానని తెలిసిపోతే కాపాడుకోవాలని పోట్లాడకండి. హ్యాండిల్ వదిలి, వీలైతే వెనక్కి కూర్చున్నట్టు జారండి, నియోప్రీన్ వేసుకోమన్నది ఇందుకే. ఒడ్డుకి పోవాలంటే డాక్ వైపు దూసుకుపోయి ఆగే స్టైలు చూపించకండి, దూరంలోనే తాడు వదిలి మెల్లగా మునిగి ఈదుకుంటూ రండి.

పిల్లల గురించి ఒక్క మాట. వాళ్ల స్కీల కొసలు కలిపి కట్టే కడ్డీ ఉన్న జత తీసుకోండి, కాళ్లు విడిపోవు. లైఫ్ జాకెట్ కదిలే బోట్‌లో 13 ఏళ్ల లోపు పిల్లలకి ఎలాగూ తప్పనిసరి, నీళ్లలో లాగేటప్పుడు అందరికీ తప్పనిసరే. వాడు వద్దన్న రోజు ఊరుకోండి. పక్కింటి పిల్లాడు ఒక్క సారికే లేచాడని వాడి ముందు అనడం ఇక్కడ కూడా మానలేకపోతే నేను చేసేదేం లేదు.

ఒంటి స్కీ

రెండు స్కీల మీద అలలు దాటి, తిరిగి రాగలుగుతున్నారంటే ఇక ఒకటి వదిలేయొచ్చు. ఏ కాలు ముందుండాలో తెలుసుకోవడానికి బోటు వెనక చదునులో వెళ్తూ ఒక్కో కాలూ కొంచెం పైకెత్తి చూడండి, ఏ కాలి మీద నిలబడటం తేలికగా ఉందో అదే ముందు కాలు. వెనక పట్టీ ఉన్న స్కీ ఆ కాలికి వేసుకోవాలి. రెండో స్కీ బైండింగ్ వదులు చేసుకోండి. తిన్నగా వెళ్తూ, బరువంతా ముందు కాలి మీదికి తెచ్చి, మోకాలు వంచి, ఇంకో మడమ మెల్లగా ఎత్తండి. స్కీ దానంతటదే జారి వెనక ఉండిపోతుంది. విసిరికొట్టకండి.

ఇప్పుడు ఖాళీ కాలిని తొందరపడి పట్టీలో దూర్చాలని కిందికి చూస్తే పడటం ఖాయం. ముందు ఆ పాదాన్ని నీళ్లలో తేలిగ్గా ఆనించి బ్యాలెన్స్ చూసుకోండి, తర్వాత ముందు కాలి మడమ వెనకగా స్కీ మీద ఆనించండి, అప్పుడు పాదాన్ని ముందుకి జరుపుతూ పట్టీలోకి పోనివ్వండి. కళ్లు బోటు మీదే. వదిలిన స్కీ నీటిలో దాదాపు కనపడదు, వేరే బోటు దాని మీదికి పోకముందే వెంటనే వెనక్కి వెళ్లి తీసుకోవాలి. అందుకే ఈ పని ఒడ్డున ఏదో గుర్తు ఉన్న చోట, ఖాళీగా ఉన్న పొద్దునే చేయండి.

ఒంటి స్కీతో నీళ్లలోంచి నేరుగా లేవడం దీని తర్వాతి మెట్టు, అక్కడ కూడా కిటుకు అదే, ముడుచుకుని, ఇంకొంచెం ఎక్కువ సేపు ఓపిక పట్టడం. ఒకే స్కీ కాబట్టి నీటి మీదికి రావడానికి ఎక్కువ టైమ్ పడుతుంది. వెనక కాలిని పట్టీలో పెట్టి లేచేవాళ్లున్నారు, బయట చుక్కానిలా వదిలి లేచేవాళ్లున్నారు, రెండూ ప్రయత్నించండి. హ్యాండిల్ మీద ఒక అరచేయి పైకి, ఒకటి కిందికి పెట్టుకుంటే పట్టు బాగా నిలుస్తుంది.

అక్కడి నుంచి స్లాలం కోర్సు (నీటి మీద తేలే బంతుల చుట్టూ అటూ ఇటూ తిరుగుతూ పోయే పోటీ దారి) పిచ్చి పట్టిందంటే అది వేరే ప్రపంచం. 259 మీటర్ల పొడవు, ఆరు బంతులు, ప్రతి బంతీ మధ్య గీతకి 11.5 మీటర్ల దూరం. పోటీల్లో మగవాళ్లకి బోటు గరిష్ఠ వేగం గంటకి 58 కిలోమీటర్లు, ఆడవాళ్లకి 55. ఆ వేగం చేరాక ఇక బోటు వేగం పెంచరు, తాడు పొట్టి చేస్తూ పోతారు, 18.25 మీటర్ల నుంచి 16, 14.25, 13, ఇలా. 11.25కి వచ్చేసరికి తాడు మధ్య గీత నుంచి బంతి దాకా కూడా చాలదు, మిగతాది ఒళ్లు వాల్చి చేయి చాచి అందుకోవాలి. చూడాలంటే మెమోరియల్ డే వారాంతంలో పైన్ మౌంటెన్‌లోని కాల్వే గార్డెన్స్‌కి వెళ్లండి, అక్కడ రాబిన్ లేక్ మీద మాస్టర్స్ టోర్నమెంట్ జరుగుతుంది. లేవడం నేర్చుకుంటున్న మనిషిని వెంట తీసుకెళ్లి, వాళ్లు బయల్దేరే రెండు సెకన్లు మాత్రం చూడమనండి. ప్రపంచ చాంపియన్ మోకాళ్లు కూడా ఛాతీ దగ్గరే ఉంటాయి.

సరస్సు నుంచి బయటికి వచ్చాక బోటు డ్రెయిన్ ప్లగ్ తీసి నీళ్లన్నీ వదిలేయండి, నాచు దులపండి, తాడూ జాకెట్లూ నీడలో ఆరేయండి. జీబ్రా మసెల్ అనే చిన్న గుల్లజీవి ఇలా మిగిలిపోయిన నీళ్లతోనే ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పాకుతుంది. మిన్నెసోటా, టెక్సస్ లాంటి చోట్ల నీళ్లు వదలకుండా రోడ్డెక్కితే ఫైన్ కూడా వేస్తారు.